వెనక్కి పిలవని మనిషి

చెడ్డ పుస్తకాన్ని చవగ్గా కొనడం ఎవరైనా చేస్తారు. మంచి పుస్తకం చేతిలో ఉండగా, అది మంచిదని తెలిసి కూడా, దాన్ని పక్కకు నెట్టి చెడ్డదాన్ని చవగ్గా కొనాలంటే మాత్రం తరాల నుంచి వచ్చిన తెలివి కావాలి. నాకు ఆ తెలివి ఉంది. చీరాలలో మా తాతది బట్టల కొట్టు, మా నాన్నదీ బట్టల కొట్టే, మేనమామలది ఇత్తడి సామాన్ల కొట్టు. ఉయ్యాల్లో నేను విన్న జోలపాట "చివరి మాట చెప్పండి" అన్నదే. అలాంటిదాన్ని, ఇంగ్లీషు లెక్చరర్ అయింది కదా అని నమ్మి, డిగ్రీ పిల్లలకు వ్యాపార లేఖలు నేర్పే పాఠ్యపుస్తకం ఎంపిక చెయ్యమని విశ్వవిద్యాలయం వాళ్ళు కమిటీలో వేశారు. పాలకు పిల్లిని కాపలా పెట్టారన్నమాట.

మాదాపూర్ గుట్టల మధ్య, కంప్యూటరు కంపెనీల కోసం, ఆ గుండ్రటి అద్దాల భవనం లేచిన రోజులవి. కూకట్‌పల్లి నుంచి అటు వెళ్ళే దారిలో, రాళ్ళ నడుమ, మా కాలేజీ ఉండేది. కంప్యూటరు కంపెనీలు వస్తున్నాయి, ఉద్యోగాలు వస్తాయి, మన పిల్లలకు నాలుగు ముక్కల ఉత్తరం రాయడం రాదు అని పైవాళ్ళకు ఒక్కసారిగా భయం పట్టుకుంది. రాత్రికి రాత్రి కొత్త పేపరు పెట్టారు. పేపరు పెట్టాక పుస్తకం కావాలి కదా. విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలన్నిటికీ ఒకే పుస్తకం. అది ఏ కంపెనీదైతే ఆ కంపెనీ పంట పండినట్టే.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, పోయిన నెల నల్లగండ్లలో మా చెల్లెలి కూతురు ఇంటికి వెళ్ళాను. దానికి ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఫోను నా చేతికిచ్చి, "పెద్దమ్మా, జీవితమంతా ఇవేగా పాఠం చెప్పావు, కొంచెం చదివి చెప్పు. అర్థమవుతోంది గానీ అర్థం కావట్లేదు," అంది. కళ్ళజోడు పెట్టుకుని పైకే చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరాలో కృతజ్ఞతలు. రెండో పేరాలో సంస్థ అవసరాలు మారుతున్నాయని. మూడో పేరాలో, ఉద్యోగం లేదన్న మాటను డొంకతిరుగుడుగా చెప్పిన చోట, చదవడం ఆపాను. ఆగి, నాది కాని మాట ఒకటి బయటికొచ్చింది. "ఈ ఉత్తరం నాకొస్తే నేనేం జెయ్యాలె?"

పిల్ల తలెత్తి చూసింది. "ఎవరి మాట పెద్దమ్మా అది? నువ్వు అలా మాట్లాడవుగా."

"ఎవరిదీ కాదులే," అన్నాను. అబద్ధం.

ఆయన పేరు రాయను. రాసే అర్హత నాకు లేదు. మా స్టాఫ్ రూములో ఆయన్ని 'షామియానా సార్' అనేవాళ్ళం. సుల్తాన్ బజార్‌లో ఉన్న ఒక పాత ప్రచురణ కంపెనీకి ఏజెంటు. కాలేజీలు తిరిగి లెక్చరర్లకు స్పెసిమన్ కాపీలు, అంటే చూసుకోవడానికి ఉచితంగా ఇచ్చే నమూనా పుస్తకాలు, పంచడం ఆయన పని. ఆ పుస్తకాలు మోసే సంచి పాత షామియానా గుడ్డతో కుట్టింది. ఎరుపు, నీలం, పసుపు పట్టీలు. దూరం నుంచి చూస్తే ఎవరో పెళ్ళి పందిరిని చంకలో పెట్టుకుని వస్తున్నట్టుండేది. ఆయన గేటు దాటగానే పక్క బల్ల కామర్స్ మేష్టారు, "మేడమ్, మీ షామియానా సార్ వచ్చిండు. ముహూర్తం ఎన్ని గంటలకు?" అని కూసేవాడు.

ఆయనకు యాభై ఐదు పైనే ఉంటాయి. నడివేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టి. గది బయట చెప్పులు విడిచి వచ్చేవారు. ఎన్నిసార్లు వద్దన్నా వినరు. "పుస్తకాలున్న అర్ర మేడమ్," అనేవారు. మా స్టాఫ్ రూములో ఉన్నవి తొంభై భాగం హాజరు పట్టీలూ కామర్స్ మేష్టారి టిఫిను డబ్బాలూనని చెప్పి చూశాను. నవ్వారు గానీ చెప్పులు వేసుకోలేదు.

మధ్యాహ్నం పూట చుట్టుపక్కల గుట్టల్లో రాళ్ళు పేల్చేవాళ్ళు. ముందు విజిల్, ఆ తరవాత ధన్‌మని శబ్దం, కిటికీ అద్దాలు గజగజ. మేం మాట ఆపి చెవులు మూసుకునేవాళ్ళం. ఆయన మాత్రం బల్ల మీద దొంతరగా పెట్టిన పుస్తకాల్లో పైదాని మీద అరచెయ్యి ఆనించి, "ఏం గాదు, ఏం గాదు," అనేవారు. మాతో కాదు.

"మీదే ఊరండి?" అని ఒకసారి అడిగాను.

"గీ బండలెనకనే మేడమ్. రెండు మైళ్ళు. ఇప్పుడు పేలుస్తున్నరే, గా గుట్ట మీద సీతాఫలాలు ఏరుకునేటోళ్ళం." అని, వెంటనే పుస్తకం తెరిచారు. తన సంగతి ఒక్క వాక్యం దాటనిచ్చేవారు కాదు.

ఆయన పుస్తకం పరీక్షించే తీరు నేను మరెవరిలోనూ చూడలేదు. అందరూ విషయసూచిక చూస్తారు, ధర చూస్తారు, రాసినవాడి డిగ్రీలు చూస్తారు. ఆయన ఏదో ఒక పేజీ తెరిచి, అక్కడున్న నమూనా ఉత్తరాన్ని తనకే వచ్చినట్టు చదివేవారు. పుస్తకాన్ని టెలిగ్రాం పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, నెమ్మదిగా, పైకి. చదివాక పుస్తకం దించి, "ఈ ఉత్తరం నాకొస్తే నేనేం జెయ్యాలె?" అని తనని తానే అడిగేవారు. ఆలస్యానికి క్షమాపణ కోరే ఉత్తరం చదివితే కాసేపు ఆలోచించి, "సరే తియ్, మాఫ్ చేసిన," అనేవారు. బాకీ కట్టమని హెచ్చరించే ఉత్తరం చదువుతూ తెలియకుండానే చొక్కా జేబు తడుముకునేవారు. ఆర్డరు రద్దు చేసే ఉత్తరం చదివిన రోజు, "అయ్యో, సరుకు అప్పుడే లారీ ఎక్కిచ్చినం గదనే," అని నిజంగానే పరేషాన్ అయిపోతే, కామర్స్ మేష్టారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు, నవ్వు ఆపుకుంటూ.

నేను కూడా నవ్వాను. కానీ ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళాక ఆయన కంపెనీ పుస్తకం తీసి, తలుపేసుకుని, ఆయనలాగే చదివి చూశాను. మట్టి రంగు అట్ట, నాసి కాగితం. లోపల ఉత్తరాలు మాత్రం మనుషులు రాసినవి. ఒక సిమెంటు కొట్టాయన గడ్డకట్టిన బస్తాల గురించి రాస్తాడు. ఒక హాస్టలు వార్డెను సగం తడిసి వచ్చిన బియ్యం గురించి రాస్తుంది. ప్రతి ఉత్తరం వెనక దానికి జవాబు కూడా ఉంది. చదివితే కోపం, మొహమాటం, లౌక్యం అన్నీ తెలిశాయి. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, పెట్టాల్సింది ఈ పుస్తకమేనని. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి. నిశ్చయం అప్పుడే అయిపోయింది. తరవాత జరిగిందంతా నా ఒంట్లో ఉన్న కొట్టు.

పోటీలో ఉన్న పుస్తకం ఢిల్లీ నుంచి వచ్చింది. అమెరికాలో అచ్చయిన పుస్తకాన్ని తెచ్చి, అట్ట మీద తాజ్‌మహల్ వేసి మనదన్నారు. నిగనిగలాడే కాగితం. లోపల ఒక పెద్దమనిషి, తన ఇంటి ముందు మంచు ఎత్తిపోసే యంత్రం సమయానికి రాలేదని నాలుగు పేజీల ఫిర్యాదు రాస్తాడు. దాని ఏజెంటు కుర్రాడు టై కట్టుకుని, నడుముకు పేజరు తగిలించుకుని వచ్చేవాడు. విశ్వవిద్యాలయం కోసం వేసే ముద్రణకు అట్ట మీద ధర నూటికి ముప్పై తగ్గిస్తామన్నాడు. షామియానా సార్ కంపెనీ ఇరవై తగ్గిస్తానంది.

మంచి సరుకు ఇరవైకి దొరుకుతోంది. నాణ్యం తెలిసినవాళ్ళు తీసుకుని ఇంటికి పోతారు. మా వంశంలో అలా పోయినవాళ్ళు లేరు.

అందులోనూ ఆయన ఒక పని చేశారు. పుస్తకం గురించి మాట్లాడటానికి కూర్చోగానే, నేను ఏమీ అడక్కముందే, "మేడమ్, ముందుగాల్నే చెప్తున్న. బైండింగ్ అంత గట్టిగ లేదు, ఏడాదిల పేజీలు లేస్తయి. కొటేషన్ల పాఠంల ఒక లెక్క తప్పు పడ్డది, ఈడ చూడున్రి, పెన్సిల్‌తోని గీసిన. కాయితం సుత, వాళ్ళదే నయం," అన్నారు.

నేను లోపల్లోపల చప్పట్లు కొట్టాను. ఎందుకంటే ఆ విద్య నాకు తెలుసు. మా నాన్న కొట్టులో ఖరీదైన చీర అమ్మాలంటే, ముందు దాని అంచులో పోయిన ఒక్క పోగు ఆయనే వెతికి చూపించేవాడు. "అమ్మా, ఇదిగో ఇక్కడ పోగు పోయింది. చెప్పకుండా అమ్మితే నాకు పాపం," అనేవాడు. ఆవిడ కరిగిపోయి, ఆ చీరతో పాటు ఇంకో రెండు కట్టించుకుని వెళ్ళేది. సరుకును తిట్టుకుంటూ అమ్మేవాడిని మించిన వ్యాపారి లేడు. కాబట్టి షామియానా సార్ ఘటికుడు, ఇరవై దగ్గర ఆగే మనిషి కాదు, ఇంకా దిగుతాడు అని లెక్క వేసుకున్నాను. నిజం చెప్పే మనిషి ఎదురుపడితే నాకు గుర్తుపట్టడం రాలేదు. మా బజారులో ఆ సరుకు రాలేదు మరి.

బేరం ఎప్పుడూ అవతలివాడి కొట్టులోనే చెయ్యాలి, లేచి వచ్చే వీలుంటుంది. అందుకని మార్చి నెలలో ఒక శనివారం కూకట్‌పల్లిలో బస్సెక్కి కోఠీలో దిగి, సుల్తాన్ బజార్ సందులో ఆయన కంపెనీకి వెళ్ళాను. ఇరుకు గది, నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాల కట్టలు. నన్ను చూసి ఆయన కంగారుగా లేచి, కుర్చీని తన చేతిరుమాలుతో తుడిచారు.

"ముప్పై చెయ్యండి. సోమవారం రాసేస్తాను," అన్నాను.

"ఇరవై కన్న నా చేతిల లేదు మేడమ్. సేట్‌ని అడిగిన. ఇరవై అన్నడు."

"పోనీ ఇరవై ఐదు. మీకూ వద్దు నాకూ వద్దు."

"ఉంటే ఇయ్యనా మేడమ్? ఉన్నది ఉన్నట్టు చెప్తున్న." ఆయన గొంతు తగ్గించారు, లోపలి గదిలో సేట్‌కి వినపడకుండా. "నాకు ఈ నెలాఖరు దాక టైమిచ్చిన్రు. మీ పుస్తకం కుదిరితె నౌకరి ఉంటది. లేకుంటె ఇంటికి పొమ్మన్నరు. బిడ్డ నర్సింగు చదువుతున్నది, ఇంక ఏడాదున్నది. మీకు చెప్పొద్దనే అనుకున్న. కాని అడిగిన్రు గద."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలి. మా నాన్న కస్టమర్ల ముందు రోజుకు నాలుగుసార్లు దివాలా తీసేవాడు. పొద్దున్నుంచి బోణీ కాలేదని సాయంత్రం ఆరింటికి ఒట్టు వేసేవాడు. మా మేనమామ అయితే ఒక బిందె మీద రెండు రూపాయల కోసం, నిక్షేపంలా ఉన్న మా అత్తయ్యను ఆస్పత్రిలో చేర్పించేవాడు. ఈ పాటలన్నీ నాకు వరసలతో సహా వచ్చు.

"సరే అయితే. మీ ఇష్టం అండి," అని లేచాను.

లేచి రావడం ఒక కళ. వెనక్కి చూడకూడదు. నడక మరీ జోరుగా ఉండకూడదు, పిలుపు అందాలి. మరీ మెల్లగానూ ఉండకూడదు, ఆశ బయటపడుతుంది. పది అడుగుల్లో "అమ్మా, ఇటు రండి" అన్న కేక వచ్చి తీరుతుంది. రాకపోతే పదిహేను. పదిహేను దాటాను. గాజుల కొట్టు దాటాను. మూల మీద జడపిన్నుల బండి దగ్గర ఆగి, అవసరం లేని పిన్నులు ఏరుతూ నించున్నాను.

"ఎన్ని ఇయ్యమంటవమ్మా?" అంది బండి ఆమె.

"ఉండు, చూస్తున్నా," అంటూ నియమం తప్పి ఓరగా వెనక్కి చూశాను. ఆయన గుమ్మంలోనే ఉన్నారు. నేను చూశానని ఆయనకు సంబరం. రెండు చేతులూ ఎత్తి, దండం పెట్టి, జాగ్రత్తగా వెళ్ళిరమ్మన్నట్టు తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. నేను వెళ్తున్నానంటే వెళ్తున్నాననే అనుకున్నారు ఆ మనిషి.

బేరంలో ఇంకో మెట్టు ఉంది. పక్క కొట్టులో కొన్నట్టు నటించడం. సోమవారం నేనే కూర్చుని, కమిటీ తీర్మానం టైపు చేశాను. తాజ్‌మహల్ అట్ట పుస్తకం పేరు పెట్టి. అధ్యక్షుడైన ప్రొఫెసర్ గారికి చూపిస్తే, "మీరెలా అంటే అలాగేనమ్మా," అని చదవకుండానే సంతకం చేశారు. మూడో సభ్యుడు ఎప్పుడూ రానేలేదు. పంపే ఉద్దేశం నాకు లేదు. టపాలు పంపే సెక్షన్లో గుమస్తాకి వినపడేలా, "ఢిల్లీ వాళ్ళదే ఖాయం చేశాం, కాగితం కూడా అయిపోయింది," అన్నాను. ఆ గుమస్తా చెవిలో వేస్తే మధ్యాహ్నానికి కోఠీ చేరుతుంది. షామియానా సార్ పరుగెత్తుకొస్తారు, ఇరవై ఐదు అంటారు, నేను విసుగ్గా ఆ కాగితం చింపి, ఆయన పుస్తకం పేరుతో ఇంకోటి టైపు చేస్తాను. ఆ రెండో కాగితంలో ఏ వాక్యం ఎలా ఉండాలో కూడా అనుకున్నాను.

కాగితం మూడు రోజులు నా సొరుగులో ఉంది. ఆయన రాలేదు.

నాలుగో రోజు ప్రొఫెసర్ గారు ఫోను చేశారు. "ఈ రోజు ఆఖరు తేదీ అమ్మా. పంపించేశారా?"

"పంపిస్తున్నాను సార్."

ఇక్కడే ఆగాలి. ఆ నిమిషంలో నన్నెవరూ బలవంతపెట్టలేదు. టైపు మిషను ఎదురుగా ఉంది. సొరుగులో తెల్లకాగితాలున్నాయి. ప్రొఫెసర్ గారు రెండో దాని మీద కూడా చదవకుండానే సంతకం చేసేవారు. ఇరవైకి ఆ పుస్తకం తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. అడ్డం వచ్చింది ఒకటే. లేచి వచ్చిన కొట్టుకు తిరిగి వెళ్ళడం మా ఇళ్ళలో లేదు. తిరిగొచ్చిన కస్టమర్ని చూసి మా నాన్న నవ్వే నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వు షామియానా సార్ మొహం మీద ఊహించుకున్నాను. ఆయనకు ఆ నవ్వు రాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు, లేక తెలుసుకోదలుచుకోలేదు. సొరుగులోని కవరు తీసి, జిగురు రాసి, సెక్షన్లో ఇచ్చేశాను.

ఏప్రిల్ నెలాఖరులో ఆయన వచ్చారు. మిట్టమధ్యాహ్నం. షామియానా సంచి లేదు. చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నించున్నారు. వసారా గచ్చు కాలిపోతుంటే ఒక పాదం తీసి ఇంకో పాదం మీద పెట్టుకుంటూ, "రావచ్చునా మేడమ్?" అన్నారు. సంచి లేకుండా రావడం అదే మొదటిసారి. అందుకని అనుమతి అడిగారు కాబోలు.

కూర్చుని, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "జర ఈ ఉత్తరం చూడున్రి మేడమ్. మీరు ఇసొంటియి బాగ తెలిసినోళ్ళు. ఎట్ల రాసిన్రు?"

నేను చెయ్యి చాపలేదు. ఆయనే దాన్ని దూరంగా పట్టుకుని, ఎప్పట్లాగే, నెమ్మదిగా చదివారు. ఆయన సేవలు ఇక అవసరం లేదని కంపెనీ రాసింది. మూడు వాక్యాలు. చదవడం అయ్యాక కాగితం దించి, ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. నేను ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"మంచి ఉత్తరం కాదు మేడమ్," అన్నారు చివరికి. "ఎందుకో రాయలే. ఇగ నేనేం జెయ్యాలెనో రాయలే. మన పుస్తకంల అన్ని ఉత్తరాలకు జవాబున్నది. దీనికి లేదు. నేను చూసిన. జవాబు రాయాల్నంటరా, ఊకుండాల్నంటరా?"

"రాయండి," అన్నాను. "నేను రాసిపెడతాను. వచ్చే ఏడాది విశ్వవిద్యాలయం మీ పుస్తకం పరిశీలించే అవకాశం ఉంది, అందుకని ఇంకొంత గడువు ఇమ్మని..."

ఆయన మొహంలోకి కొంచెం వెలుగు వచ్చింది. "వచ్చే ఏడు పెడ్తరా మేడమ్?"

అవును అంటే అయిపోయేది. అది నా చేతిలో పనే. కానీ అవునన్న మాట నా నోట్లోంచి ఎప్పుడూ మొదటిసారికి రాలేదు, కట్టుకున్నవాడికి కూడా. "చూద్దాం," అన్నాను.

ఆయన తల ఊపారు. కాగితం ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచారు. "చూద్దాం అంటే నాకు ఎర్కే మేడమ్. ముప్పై ఏండ్ల సంది కాలేజీలు తిరుగుతున్న. జవాబు వద్దు తియున్రి. ఉన్నదే రాయాలె, లేనిది రాయొద్దు."

"మీరు ఆ మూడు రోజుల్లో ఒక్కసారి ఎందుకు రాలేదండీ?" అని ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "సంతకం అయిందని చెప్పిన్రు గద. రాసినంక ఇగ నేనొచ్చి అడిగితే మీకు ఇజ్జత్ ఉంటదా?"

నా పరువు కోసం ఆగారట. నేను ఆయన కంగారు కోసం ఆగాను.

గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాలు పెట్టబోయి, వెనక్కి తిరిగారు. "ఒక్క మాట మేడమ్. కోపానికి గాదు. మా పుస్తకంల ఏం తక్కువ కొట్టిందో చెప్తే, నా జాగల వచ్చేటోనికి చెప్త." జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ ఉత్తరం వెనకవైపు రాసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డారు.

ఏమీ తక్కువ లేదు, మీదే మంచి పుస్తకం, నేను ఆటాడాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కామర్స్ మేష్టారు వింటున్నాడు. "బైండింగ్ అండి," అన్నాను. "కొటేషన్ల పాఠంలో ఆ లెక్క తప్పు... కాగితం కూడా..."

పెన్సిల్ కదల్లేదు. "గవి నేను జెప్పినయే గద మేడమ్," అన్నారు మెల్లగా. "మీరు చూసినయి ఏమన్న ఉంటే చెప్పున్రి."

"అవే అండి."

ఆయన "అచ్ఛా," అని పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు. అప్పుడే గుట్టల్లో పేలుడు జరిగింది. అలవాటుగా ఆయన చెయ్యి లేచింది. కింద పుస్తకం ఏదీ లేదు. గాల్లో కాసేపు అలాగే ఉండి దిగిపోయింది. ఎండలో గేటు దాటి ఆయన వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాను. పిలిస్తే అందే దూరమే. చాలాసేపు అందే దూరమే.

తరవాత ఆయన సంగతి నాకు తెలియదు. ఉన్నారో లేరో కూడా. రెండేళ్ళకు కోఠీ వెళ్తే ఆ కంపెనీ ఉన్నచోట బనియన్ల కొట్టు ఉంది. "ఇక్కడ పుస్తకాల కంపెనీ..." అని మొదలుపెట్టి, కొట్టు యజమాని తలెత్తగానే, ఏం అడగాలో తోచక రెండు బనియన్లు కొన్నాను. బేరం ఆడకుండా. వెతికితే ఆచూకీ దొరకదా? గుట్టల వెనక రెండు మైళ్ళని ఆయనే చెప్పారు. నేను వెతకలేదు. దొరికితే ఏం చెప్పాలో తెలియక వెతకలేదు.

తాజ్‌మహల్ పుస్తకాన్ని నేనే పాఠం చెప్పాను. మొదటి వారమే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఈ మంచు ఎత్తిపోసే మిషను మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది?" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. నల్లబల్ల వైపు తిరిగి ఆ ఉత్తరాన్ని పైకి చదువుతుంటే నా వెనక ఎవరో పాదం మీద పాదం మార్చుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే పిల్లలే. అప్పటినుంచి అంతే. ఏ ఉత్తరమైనా పంపే ముందు అవతలి మనిషినై ఒకసారి చదవకుండా ఉండలేను. చదివితే పంపబుద్ధి కాదు. మా ఆయన బతికున్న రోజుల్లో, "ఒక్క సెలవు చీటీ రాయడానికి ఇంతసేపా? నువ్వు పాఠం చెప్పేది ఇదేగా!" అని ఎగతాళి చేసేవాడు. రైతుబజార్లో వంకాయల దగ్గర లేచి వచ్చినా ఇప్పుడు చెవులు వెనకే ఉంటాయి. వాళ్ళు పిలుస్తారు, అందరూ పిలుస్తారు.

ఆ రోజు నల్లగండ్లలో మా పిల్ల మెయిల్‌కి జవాబు రాయాలా వద్దా అని అడిగింది. చాలాసేపు కూర్చుని నాలుగు వాక్యాలు చెప్పాను. ఎందుకు తీసేశారో ఒక్క మాట రాయమని అడిగే వాక్యం అందులో ఒకటి. కంపెనీ నుంచి ఇంతవరకు సమాధానం లేదు.

ఇక బిల్లు. కట్టేటప్పుడు కూడా గీచి గీచి బేరమాడే అలవాటుంది నాకు, అందుకని ఉన్నది ఉన్నట్టు వేస్తాను. నూటికి ముప్పై తగ్గింపు మొదటి ఏడాదికే. రెండో ఏడాది కొత్త ముద్రణ అని ధర పెంచారు. ఆ పైన పిల్లలు షామియానా సార్ పుస్తకానికి అయ్యేదానికంటే ఎక్కువే పెట్టి, మంచు గురించి చదివారు. అలా నాలుగేళ్ళు నడిచింది. ఆయన నౌకరి పోయింది. ఆయన కూతురు ఆఖరి ఏడాది చదివిందో లేదో నాకు తెలియదు. పిల్లల కోసం బేరమాడానని అప్పట్లో అందరితో అన్నాను. పిల్లలు ఆ సమయంలో నాకు గుర్తే లేరు.

నాకేం నష్టం వచ్చిందో కింద రాసి ముగిద్దామని మొదలుపెట్టాను. రెండుసార్లు సరిచూశాను. పుస్తకం ధర ముప్పై తగ్గించిన మనిషి అని యూనివర్సిటీలో నాకు పేరొచ్చింది. ఆ పేరు మీద తరవాత వచ్చిన ప్రతి కమిటీలోనూ నన్ను వేశారు. ఆ కమిటీలు చూపించే నాకు ప్రమోషన్ ఇచ్చారు. ప్రగతి నగర్‌లో ఇప్పుడు నేను కూర్చుని ఇది రాస్తున్న ఇల్లు ఆ జీతంతో కట్టుకున్నదే. ఎటు తిప్పి చూసినా, ఆ బేరంలో నాకు లాభమే వచ్చింది.